జోరా నీల్ హర్స్టన్ గురించి చెప్పేటప్పుడు సమాధి దగ్గర మొదలుపెట్టడం న్యాయమేనా?

మల్లేశ్వరం పాఠకురాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. బెంగళూరులో మేము పదిహేనుమంది నెలకొకసారి కలుసుకొని ఒక రచయిత గురించి మాట్లాడుకుంటాము. అందరమూ ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళమే, కానీ సగం మందికి తెలుగు చదవడం రాదు, అందుచేత ఎవరి వంతు వస్తే వారు విషయమంతా నోటితో చెప్పి, కొన్ని భాగాలు అప్పటికప్పుడు తెలుగు చేసి వినిపించడం మా పద్ధతి. వచ్చే నెల నా వంతు. అమెరికా నవలా రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ గురించి చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఆమె నవల ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ను రెండుసార్లు చదివాను, రెండవసారి చదివినప్పుడు మొదటిసారి కంటే ఎక్కువ కదిలిపోయాను.

ప్రసంగం రాసుకోవడం మొదలుపెట్టగానే ఒక చిక్కు వచ్చింది. ఆమె గురించి నేను చదివిన వ్యాసాలు ఎక్కువగా ఒకే చోట మొదలవుతున్నాయి: 1960 జనవరి 28న ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్‌లో, కౌంటీ ప్రభుత్వం నడిపే నిరాశ్రయుల ఆశ్రమంలో మరణించడం, పేరు చెక్కిన రాయి కూడా లేని సమాధి, పదమూడేళ్ళ తరువాత 1973లో నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ ఆ సమాధిని వెతుక్కుంటూ నడుములోతు కలుపు మొక్కల మధ్య నడవడం. నేనూ అలాగే రాసుకున్నాను. మొదటి వాక్యంలో ‘దిక్కులేని చావు’ అన్న మాట వాడాను. మరునాడు చదువుకుంటే ఆ మాట నాకే గుచ్చుకుంది. బతికినన్నాళ్ళూ తన మీద ఎవరూ జాలిపడడాన్ని సహించని మనిషిని నేను జాలితో పరిచయం చేస్తున్నానేమో అనిపించింది.

నాకు రెండు విషయాలు తెలియాలి. ఆమె నిజంగా ఎవరికీ పట్టని స్థితిలో పోయిందా? జీవితకాలంలో ఏడు పుస్తకాలు అచ్చయిన రచయిత్రి మరణించే నాటికి ఆ పుస్తకాలేవీ దుకాణాల్లో దొరకని పరిస్థితి ఎందుకు వచ్చింది? ఇవి కాక, నల్లజాతి పల్లె మాండలికంలో నడిచే ఆమె సంభాషణలను తెలుగులో వినిపించాలంటే ఏ తెలుగు వాడాలో కూడా ఎవరైనా చెబితే మేలు చేసినవారవుతారు.

తిరువాన్మియూరు నివాసి

అమ్మా, మీకు గుచ్చుకున్న ఆ మాటను దయచేసి కొట్టివేయండి. నేను చెన్నైలో ముప్పై ఏళ్ళు ఆంగ్ల సాహిత్యం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి, హర్స్టన్‌ను పాఠంగా చెప్పే అవకాశం నాకు చివరి కొన్నేళ్ళలోనే దొరికింది. మొదట్లో నేనూ మీలాగే సమాధి దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి. పిల్లలు కళ్ళు తుడుచుకునేవారు, ఆ తరువాత నవల చదివేవారు కాదు. ఆ అనుభవం వల్ల ఈ విషయంలో నాకు కొంత పట్టుదల ఏర్పడింది.

ఫోర్ట్ పియర్స్‌కు ఆమె 1957లో వెళ్ళారు. అక్కడి నల్లజాతి వారపత్రిక ‘క్రానికల్’ సంపాదకుడు పిలిస్తే వెళ్ళి, ఆ పత్రికకు వ్యాసాలు రాశారు. 1958లో కొంతకాలం లింకన్ పార్క్ అకాడమీలో పాఠాలు చెప్పారు. ఆమె ఉన్న చిన్న ఇల్లు ఆ ఊరి వైద్యుడు బెంటన్‌ది, కొన్నాళ్ళకు ఆయన అద్దె తీసుకోవడం మానేశాడు. 1959లో పక్షవాతం వచ్చి, తనంతట తాను ఉండలేని స్థితి ఏర్పడిన తరువాతనే, అక్టోబరులో, ఆమెను కౌంటీ ఆశ్రమానికి చేర్చారు. అధిక రక్తపోటు వల్ల వచ్చిన గుండెజబ్బుతో మూడు నెలలకు మరణించారు. తిండి లేక చనిపోయారన్న ప్రచారం ఒకటి ఉండేది, 1973లో వాకర్ వెళ్ళి అడిగినప్పుడు ఆ వైద్యుడే దాన్ని ఖండించాడు. అంత్యక్రియలకు ఊరివారు, పాత మిత్రులు, ఒకప్పటి ప్రచురణకర్తలు చందాలు వేసుకున్నారు, వందమందికి పైగా హాజరయ్యారు. ఆ డబ్బు సమాధి రాతి దాకా రాలేదు. జరిగింది అది. దిక్కులేకపోవడం అంటే మన భాషలో అర్థం వేరు.

ఇంతకంటే బాధ కలిగించే సంగతి ఒకటుంది, దాన్ని మాత్రం మీరు తప్పక చెప్పాలి. 1945 జూన్‌లో ఆమె నల్లజాతి మేధావి, హక్కుల నాయకుడు డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఒక లేఖ రాశారు. పేరుపొందిన నల్లజాతివారి కోసం ఫ్లోరిడాలో వంద ఎకరాల స్థలం తీసుకొని ఒక స్మశానవాటిక ఏర్పాటు చేయాలని, చనిపోయేనాటికి చేతిలో డబ్బున్నా లేకున్నా వారిలో ఎవరూ ఎవరికీ కనబడకుండా మరుగున పడి ఉండకూడదని ఆ లేఖ సారాంశం. డుబోయిస్ ఆ ఆలోచనను స్వీకరించలేదు. ఆ లేఖ తరువాత పదిహేనేళ్ళకు ఏమి జరిగిందో మీకు తెలుసు.

చివరి సంవత్సరాలను వదిలి ఈటన్‌విల్ దగ్గర మొదలుపెట్టి చూడండి. ఆమె పుట్టింది అలబామాలోని నోటసల్గాలో అయినా, పసితనంలోనే ఫ్లోరిడాలోని ఈటన్‌విల్‌కు వచ్చేశారు. 1887లో ఏర్పడిన ఆ ఊరిలో మేయరు, పోలీసు, దుకాణదారు అందరూ నల్లజాతివారే. ఆమె తండ్రి ఒక దశలో ఆ ఊరికి మేయరుగా పనిచేశాడు. ఊరి దుకాణం అరుగు మీద కూర్చొని పెద్దలు పోటాపోటీగా కథలు అల్లుతుంటే విన్న పిల్ల ఆమె. మన పల్లెల్లో రచ్చబండ దగ్గర పెరిగిన పిల్లలకు ఆ అరుగు గురించి విడమరచి చెప్పనక్కరలేదు. నవలలో అందరికంటే గట్టిగా మాట్లాడేది ఆ అరుగే.

గ్రంథాలయ ఉద్యోగి, చెన్నై

పై సమాధానంలోని వాస్తవాలన్నీ ఒప్పుకుంటున్నాను, కానీ దాని మొగ్గును ఒప్పుకోలేకపోతున్నాను. ఊరివారు ఆదరించారని చెప్పడం న్యాయమే. ఆ ఆదరణ అవసరమయ్యేంత పేదరికం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకపోతే మాత్రం అసలు ప్రశ్న మిగిలిపోతుంది. కొన్ని అంకెలు చెబుతాను.

మొదటి నవల ‘జోనాస్ గోర్డ్ వైన్’ను ఆమె 1933లో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్‌లో, వారానికి ఒకటిన్నర డాలరు అద్దెకు తీసుకున్న చిన్న ఇంట్లో రాశారు. రాతప్రతిని ప్రచురణకర్తకు పంపడానికి తపాలా ఖర్చు 1 డాలరు 83 సెంట్లు అయింది, అదీ అప్పు తెచ్చుకున్నదే. కొన్ని రోజుల తరువాత ఒక ఉదయం పద్దెనిమిది డాలర్ల అద్దె బకాయి కారణంగా ఇల్లు ఖాళీ చేయమన్నారు. ఆ రోజునే నవలను స్వీకరించామని, రెండు వందల డాలర్ల అడ్వాన్సు ఇస్తామని కబురు వచ్చింది. ఇది ఆమె స్వయంగా ఆత్మకథలో చెప్పుకున్న సంగతి.

అంతకుముందు, 1927 చివర నుంచి, షార్లట్ ఆస్‌గుడ్ మేసన్ అనే సంపన్న శ్వేతజాతి స్త్రీ ఆమెకు నెలకు రెండు వందల డాలర్లు ఇచ్చింది. దక్షిణాది అంతా తిరిగి జానపద కథలు, పాటలు సేకరించమని ఆ డబ్బు. ఒప్పందంలో షరతు ఏమిటంటే, సేకరించినదంతా మేసన్ సొత్తు, ఆమె అనుమతి లేకుండా అచ్చు వేయడానికి వీల్లేదు. తన ఊరి కథలను తాను విని, తాను రాసుకొని, వాటి మీద హక్కు మాత్రం న్యూయార్క్‌లోని ఒక భవంతిలో ఉండడం ఎలాంటి స్థితో ఊహించండి. ఇక ఏ పుస్తకం మీదనైనా ఆమెకు వచ్చిన అత్యధిక రాయల్టీ 943 డాలర్ల 75 సెంట్లు. ఏడు పుస్తకాలలో ఒక్కదాని మీద వచ్చిన గరిష్ఠ మొత్తం అది.

1948లో ఆమె మీద ఒక బాలుడి విషయంలో ఘోరమైన తప్పుడు ఆరోపణ వచ్చింది. ఫిర్యాదులో చెప్పిన కాలంలో ఆమె హోండురాస్‌లో ఉన్నట్టు పాస్‌పోర్టు రుజువు చేసింది, 1949లో కేసు కొట్టివేశారు. ఆలోగా ఒక నల్లజాతి పత్రిక ఆ వార్తను పెద్ద అక్షరాలతో అచ్చువేసింది. తన జాతివారి పత్రికే అలా చేయడం ఆమెను ఎక్కువగా కుంగదీసింది, చనిపోవాలనిపిస్తోందని మిత్రులకు లేఖలు రాశారు. 1950లో మయామీలో ఒక ఇంట్లో ఆమె పనిమనిషిగా ఉన్నారు. ఆ ఇంటి యజమానురాలు ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ తిరగేస్తుంటే అందులో తన ఇంట్లో గిన్నెలు తోమే మనిషి రాసిన కథ కనిపించింది.

ఆ తరువాతి పదేళ్ళూ ఆమె రాయడం ఆపలేదు. యూదుల రాజు హెరోదు మీద పెద్ద గ్రంథం రాశారు, 1955లో ప్రచురణ సంస్థ తిప్పి పంపింది. మళ్ళీ రాశారు. ఒక సైనిక స్థావరంలోని గ్రంథాలయంలో గుమాస్తాగా చేరితే, ఏడాది తిరగకముందే పనిలోనుంచి తీసివేశారు.

నా వృత్తి కారణంగా నన్ను ఎక్కువగా వెంటాడే విషయం మరణం తరువాతది. ఆమె ఖాళీ చేసిన ఇంటిని శుభ్రం చేస్తూ పనివాళ్ళు ఆమె కాగితాలను పెరట్లో వేసి తగలబెట్టారు. అటుగా వెళుతున్న పాట్రిక్ డువాల్ అనే డిప్యూటీ షెరీఫ్, ఆమెను ఎరిగినవాడు, బండి ఆపి, నీళ్ళ గొట్టంతో ఆ మంట ఆర్పాడు. ఇప్పుడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్న ఆ కాగితాల్లో కొన్నింటి అంచులు కాలి ఉన్నాయి. హెరోదు రాతప్రతి ఆ మంటల్లోంచి బయటపడిందే, 2025లో అచ్చయింది. నేను రోజూ తాళపత్రాలు, పాత రికార్డులు ముట్టుకునే చోట పనిచేస్తాను. చెదలు తిన్న అంచు, తడిసిన అంచు, కాలిన అంచు వేరువేరుగా కనిపిస్తాయి. కాలిన అంచును చూసినప్పుడల్లా, ఆర్పినవాడు ఎవరో ఒకడు ఉండి ఉంటాడని అనుకుంటాను.

హోసూరు వైపు మనిషి

అక్కా, మీ మూడవ సందేహానికి నేను సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే అది నా ఇంటి సమస్య కూడా. మాది హోసూరు దగ్గర పల్లె, ఇప్పుడు బెంగళూరులో ఎలక్ట్రానిక్ సిటీ పక్కన ఉంటున్నాను. మా ఇంట్లో ‘యాడికి పోతా ఉండావు’ అంటాము. చిన్నప్పుడు బడిలో తెలుగు వ్యాసంలో నేను అలా రాస్తే, మా ఉపాధ్యాయుడు ఎర్ర సిరాతో కొట్టివేసి, తరగతిలో అందరి ముందూ చదివి నవ్వించారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక భాష, కాగితం మీద ఒక భాషగా బతికాను. హర్స్టన్‌ను చదివినప్పుడు నాకు మొదట కలిగింది అసూయ. ఆమె ఒకే పేజీలో రెండింటినీ నిలబెట్టింది: కథ చెప్పే గొంతు చదువుకున్న ఆంగ్లంలో కవితలా సాగుతుంది, మనుషులు నోరు విప్పగానే ఈటన్‌విల్ అరుగు వినిపిస్తుంది, ఏదీ రెండవదాని ముందు తలవంచదు.

ఆమె చదువు తక్కువై అలా రాయలేదు. 1928లో బర్నార్డ్ కళాశాల నుంచి పట్టా పొందిన తొలి నల్లజాతి విద్యార్థిని ఆమె. ఫ్రాంజ్ బోయాస్ వంటి మానవశాస్త్రవేత్త దగ్గర శిక్షణ పొందింది. ఎవరు ఏ పదాన్ని ఎలా పలుకుతారో శాస్త్రీయంగా రాసుకోవడం తెలిసినది. అయినా 1937లో నవల వచ్చిన కొద్ది వారాలకే నల్లజాతి రచయిత రిచర్డ్ రైట్ తీవ్రంగా విమర్శించాడు. అందులో సందేశం లేదని, తెల్లవాళ్ళను నవ్వించడానికి నల్లవాళ్ళు వేసే వేషాల సంప్రదాయాన్నే ఆమె కొనసాగిస్తోందని అతని ఆరోపణ. రైట్ దుర్మార్గుడు కాడు, అతనికి అప్పుడు కావలసినది నిరసన సాహిత్యం. నవలలోని జేనీ అనే స్త్రీ మూడు పెళ్ళిళ్ళ మీదుగా తన మాటను తాను సంపాదించుకోవడం ఆ కాలపు మగ విమర్శకులకు రాజకీయంగా కనిపించలేదు. మీ రెండవ ప్రశ్నకు కొంత జవాబు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. తెల్ల ప్రచురణకర్తలకు ఆమె భాష కష్టం, నల్ల మేధావులకు ఆమె భాష అవమానం.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ‘బరాకూన్’. 1860లో అమెరికాకు వచ్చిన చివరి బానిసల ఓడ క్లోటిల్డాలో ఆఫ్రికా నుంచి అలబామాకు తెచ్చినవారిలో ఒకడైన కుడ్జో లూయిస్‌ను ఆమె 1927, 1928 సంవత్సరాల్లో కలిసి, రోజుల తరబడి కూర్చొని, అతని జీవితాన్ని అతని మాటల్లోనే రాసింది. అతను మాట్లాడినట్టు కాకుండా మామూలు ఆంగ్లంలోకి మార్చితే చూస్తామని ప్రచురణ సంస్థ అడిగింది. ఆమె మార్చలేదు. ఆ పుస్తకం 2018లో వచ్చింది. అప్పటికి ఆమె పోయి యాభై ఎనిమిదేళ్ళు. అంత పేదరికంలో ఉండి కూడా ముసలాయన నోటి మాటను డబ్బుకు మార్చుకోలేదు. ప్రసంగం ఇక్కడ మొదలుపెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఏ తెలుగు వాడాలన్నదానికి నా సలహా ఇది. కథనాన్ని మీరు మామూలుగా రాసే తెలుగులోనే ఉంచి, సంభాషణలు మాత్రం మీ అమ్మమ్మ మాట్లాడే తెలుగులో చెప్పండి. ఏదో ఒక జిల్లా యాసను అరువు తెచ్చుకుంటే అది వేషంలా ఉంటుంది, అప్పుడు రైట్ అన్న మాట నిజమవుతుంది. మీ బృందంలో పదిహేను ఇళ్ళ తెలుగులు ఉన్నాయి కదా, పాత్రకొకరు చొప్పున ఎవరి ఇంటి మాటలో వారు చదివితే ఇంకా మంచిది.

తిరువాన్మియూరు నివాసి

హోసూరు మిత్రుడు చెప్పినది చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. నేనూ ఎర్ర సిరా వాడినవాణ్ణే. పుస్తకంలో రాసే భాష, నోట మాట్లాడే భాష అన్న పోరాటం మనకు మద్రాసులోనే జరిగింది. బడి వ్యాసాలు వ్యావహారికంలో రాయవచ్చా కూడదా అని 1910ల్లో ఇక్కడి పండితులు చీలిపోయారు. వ్యావహారికం కోసం నిలబడిన గిడుగు రామమూర్తిగారే సవర గిరిజనుల మధ్య తిరిగి, వారి భాష నేర్చి, వారి పాటలు, కథలు సేకరించి రాసుకున్నవారు కూడా. ఒకే మనిషిలో ఈ రెండు పనులూ కలవడం యాదృచ్ఛికం కాదని నేను నమ్ముతాను. చెవిపెట్టి విన్నవారికి ఆ మాటను దిద్దాలనిపించదు. మీ బృందానికి హర్స్టన్‌ను దగ్గర చేయడానికి ఈ పోలిక ఒక్క నిమిషం వాడుకోవచ్చు, అంతకంటే ఎక్కువ వద్దు, ఎవరి చరిత్ర వారిది.

గ్రంథాలయ ఉద్యోగిగారు ఎత్తిచూపిన అంకెలను నేను తక్కువ చేశానని ఒప్పుకుంటున్నాను. అవి చెప్పవలసినవే.

మల్లేశ్వరం పాఠకురాలు

ముగ్గురికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ‘దిక్కులేని చావు’ తీసివేశాను. శాన్‌ఫర్డ్‌లో అప్పు తెచ్చిన 1 డాలరు 83 సెంట్ల తపాలా ఖర్చుతో మొదలుపెట్టి, కుడ్జో లూయిస్ మీదుగా నవలకు వెళ్ళాలని అనుకుంటున్నాను. సంభాషణలకు మా చిత్తూరు అమ్మమ్మ మాట వాడతాను.

ఒక్క విషయం ఇంకా నన్ను ఇబ్బంది పెడుతోంది. బడులలో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆమె వ్యతిరేకించిందట. మా బృందంలో ఇది ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. దాటవేయడం నాకు ఇష్టం లేదు.

గ్రంథాలయ ఉద్యోగి, చెన్నై

దాటవేయకండి. 1955లో ‘ఆర్లాండో సెంటినెల్’ పత్రికకు ఆమె రాసిన లేఖ అది. నా పక్కన కూర్చోవడం ఇష్టంలేనివాణ్ణి కోర్టు ఉత్తర్వుతో కూర్చోబెడితే నాకు దక్కే గౌరవం ఏమిటన్నది ఆమె వాదం. నల్లజాతి ఉపాధ్యాయులు, నల్లజాతి బడులు సమర్థమైనవేనన్న నమ్మకం ఆ వాదం వెనుక ఉంది. ఈటన్‌విల్‌లో పెరిగిన మనిషికి అది సహజంగా తోచి ఉండవచ్చు. కానీ ఈటన్‌విల్ లాంటి ఊరు లేని లక్షలాది పిల్లలకు అందిన బడి ఏమిటో ఆమె లెక్కలోకి తీసుకోలేదు. ఆమె పొరపడిందని నేను అనుకుంటున్నాను. ఆ లేఖను విభజనవాదులు ఆనందంగా వాడుకున్నారు, మిగిలిన మిత్రులు దూరమయ్యారు. ఆమె పుస్తకాలు మరుగున పడడంలో దీనికీ భాగం ఉంది.

హోసూరు వైపు మనిషి

నవల చివరి తుఫాను ఘట్టాన్ని వదిలిపెట్టవద్దని కోరుతున్నాను. అది 1928 సెప్టెంబరులో ఓకీచోబీ సరస్సు గట్లు తెగి వేలమంది మునిగిపోయిన నిజమైన విపత్తు. చనిపోయినవారిలో అత్యధికులు పొలాల్లో పనిచేసే నల్లజాతి కూలీలు. నవలలో తుపాకీ చూపించి జేనీ మూడవ భర్త టీ కేక్‌తో శవాలు పూడ్పిస్తారు, తెల్లవాళ్ళకు మాత్రమే చెక్కపెట్టెలు, మిగిలినవాళ్ళ మీద సున్నం చల్లి గోతిలో వేయమంటారు, ఉబ్బిపోయిన ఆ దేహాల్లో ఎవరు ఏ జాతివారో జుట్టు చూసి తేల్చుకోవలసి వస్తుంది. వెస్ట్ పామ్ బీచ్‌లో 674 మంది నల్లజాతివారిని నిజంగానే ఒకే గోతిలో పూడ్చి, దశాబ్దాల తరబడి గుర్తురాయి లేకుండా వదిలేశారు. రాయి లేని సమాధి గురించి ఆమె తన చావుకు ఇరవైమూడేళ్ళ ముందే రాసి ఉంచింది. సమాధి ప్రస్తావన ఎక్కడో ఒకచోట తేవాలని ఉంటే ఈ పేజీల దగ్గర తెండి.

తిరువాన్మియూరు నివాసి

మరొక చిన్న మాట. మీరు ప్రసంగానికి ఆహ్వానపత్రం తయారు చేస్తే అందులో జనన సంవత్సరం ఏమి వేశారో ఒకసారి సరిచూసుకోండి. వాకర్ వేయించిన సమాధి రాతి మీద 1901 అని ఉంది, చాలామంది అదే ఎత్తి రాస్తారు. ఆమె పుట్టింది 1891 జనవరి 7న. 1917లో బాల్టిమోర్‌లో ఉచితంగా బడిలో చేరే వయసు దాటిపోయినందువల్ల ఇరవై ఆరేళ్ళ మనిషి పదహారేళ్ళని చెప్పుకున్నారు, ఆ పదేళ్ళు మళ్ళీ ఎన్నడూ కలుపుకోలేదు.

మల్లేశ్వరం పాఠకురాలు

1901 అనే వేశాను. నిన్ననే అందరికీ పంపించాను కూడా. ఇప్పుడే దిద్ది మళ్ళీ పంపుతున్నాను. ఆ పదేళ్ళ కథను ప్రసంగంలో తపాలా ఖర్చు కంటే ముందు పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.